ఖాళీ గంటల పురస్కారం

రావిలంక ప్రభుత్వ వైద్య కళాశాలలో కంప్యూటర్ల మీద పని మానేయడం చాలా మంచి ఉద్దేశంతో మొదలైంది. ఆ సంగతి ముందే చెప్పుకుంటే మంచిది. తర్వాత జరిగిన భాగోతం విన్నాక ఎవరూ నమ్మరు.

ఉద్దేశం ఏమిటంటే, రాష్ట్రంలో ప్రభుత్వ ఆఫీసులు బోలెడు. ట్రెజరీలు, తహసీల్దారు కార్యాలయాలు, పశువుల ఆసుపత్రులు, కాలేజీలు. ప్రతిచోటా కంప్యూటర్లున్నాయి. అవి రోజులో చాలాసేపు ఊరికే వెలుగుతూ కూర్చుంటాయి, వాటి ముందున్న మనుషుల్లాగే. ఇంకోవైపు వైద్య పరిశోధన చేసేవాళ్ళకి ఒక్కో లెక్క తెమలాలంటే ఒక్క కంప్యూటరు మీద ఏళ్ళు పడుతుంది. ఈ ఖాళీ కంప్యూటర్లన్నిటినీ ఒకదానికొకటి కలిపి, ఆ పెద్ద లెక్కను ముక్కలు చేసి తలా ఒక ముక్క పంచితే, ఊరంతా కలిసి నాట్లేసినట్టు పని చిటికెలో అయిపోతుంది. దీనికి 'సమష్టి ఆరోగ్య గణన జాలం' అని పేరు పెట్టి ఉత్తర్వు ఇచ్చారు. నోరు తిరగనివాళ్ళు గ్రిడ్ అన్నారు.

ఆ ఉత్తర్వు చదివి, ఫార్మకాలజీ విభాగంలో పనిచేసే డాక్టర్ సౌదామిని సంతోషం పట్టలేక ఆ పూట క్యాంటీన్‌లో కనబడ్డవాళ్ళందరికీ మైసూరు బజ్జీలు తినిపించింది. ఆమె సంతోషానికి కారణం పాములు.

రావిలంక చుట్టుపక్కల పొలాల్లో రక్తపింజర్లు ఎక్కువ. నాట్లప్పుడూ కోతలప్పుడూ కూలీలని కాటేస్తుంటాయి. ఆసుపత్రిలో విరుగుడు మందు ఉంది. కానీ అది ఎక్కడో దూరాన ఉన్న పాముల విషంతో తయారైన మందు. ఇక్కడి పాము విషంలో ఏదో తేడా ఉంది. అందుకని సీసా మీద సీసా ఎక్కించినా మందు పూర్తిగా పట్టదు. నాట్ల కూలి సత్తెమ్మను అలాగే తెచ్చారు. ప్రాణం దక్కింది గానీ కుడిచేతి చూపుడువేలు సగం పోయింది. మిగిలిన సగానికి కట్టు మార్పించుకోవడానికి వచ్చినప్పుడల్లా సత్తెమ్మ సౌదామిని గదిలోకి తొంగిచూసి, "మీ లెక్క తేలిందామ్మా?" అని అడిగిపోయేది.

ఆ లెక్కే సౌదామిని ప్రాణం. ఇక్కడి పాముల విషాన్ని చిన్నచిన్న సీసాల్లో పట్టి ఒక పెద్ద ఫ్రీజర్‌లో దాచుకుంది. ఆ విషంలో ఏ భాగం మందుకి చిక్కకుండా తప్పించుకుంటోందో గ్రిడ్ మీద లెక్క వేసి చెబితే, మందు తయారుచేసేవాళ్ళు వచ్చే విడతలో ఇక్కడి విషాన్ని కూడా కలిపి కొత్తమందు చేస్తామని ఒప్పుకున్నారు. కోతల్లోపు చెప్పాలి. చెప్పలేకపోతే వాళ్ళు పాతమందే చేసుకుంటారు. కాలేజీ వాళ్ళు ప్రాజెక్టు మూసేసి ఆ ఫ్రీజర్‌ని క్యాంటీన్‌కి ఇచ్చేస్తారు. క్యాంటీన్ వాళ్ళు అప్పుడే వచ్చి టేపుతో కొలతలు కూడా తీసుకుపోయారు.

అంతా సవ్యంగానే సాగేది, గ్రిడ్ ఎంత గొప్పగా నడుస్తోందో కొలవాలన్న ఆలోచన పైవాళ్ళకి రాకపోతే.

కొలవడం ఎలా? ఎన్ని రోగాలు తగ్గాయని కొలుద్దామంటే ఏళ్ళు పడుతుంది. ఎన్ని లెక్కలు వేశారని కొలుద్దామంటే ఇంకా ఒక్కటీ వేయలేదు. అందుకని ఏ ఆఫీసు కంప్యూటర్లు ఎన్ని గంటలు ఖాళీగా ఉన్నాయో కొలవాలని తీర్మానించారు. ఎవరైనా కీబోర్డు ముట్టుకుంటే ఆ కంప్యూటర్ 'వాడుకలో ఉన్నట్టు'. ముట్టుకోకపోతే అది పరిశోధనకు అంకితమైనట్టు. నెలనెలా రాష్ట్రంలోని ఆఫీసులన్నిటికీ ర్యాంకులు వేశారు.

మొదటి నెల చిట్టచివరి ర్యాంకు గ్రిడ్ ప్రధాన కార్యాలయానికే వచ్చింది. ఆరా తీస్తే, ప్రారంభోత్సవం నాడు చైర్మన్ గారు మీట నొక్కడం వల్ల అక్కడి కంప్యూటర్ వాడుకలో పడ్డట్టు తేలింది. వెంటనే ఒక వివరణ వెలువడింది: 'ప్రారంభోత్సవ సందర్భమున ప్రముఖులు చేయు స్పర్శ వాడుకగా పరిగణింపబడదు.' సౌదామిని అది చదివి కడుపుబ్బ నవ్వుకుని పక్కన పడేసింది. రెండో నెల చిట్టచివరి ర్యాంకు రావిలంక వైద్య కళాశాలకి వచ్చింది.

కాలేజీ పరిపాలనాధికారి విశ్వేశ్వరం అత్యవసర సమావేశం పెట్టాడు. మాటలో వ్యాకరణం, చొక్కాకి ఇస్త్రీ ఎప్పుడూ చెడనివ్వని మనిషి ఆయన. గ్రిడ్ బాధ్యత కూడా ఆయనదే.

"కారణములు పరిశీలించగా, మన సిబ్బంది కంప్యూటర్ల మీద పని చేయుచున్నట్లు ప్రాథమికంగా రుజువైనది," అన్నాడు.

ఎక్స్‌రే విభాగం పెద్దాయన తల దించుకుని, "నేను రిపోర్టులు మాత్రమే టైపు చేశానండి," అన్నాడు.

"అదే నేను మనవి చేసేది. మీరు రోగుల రిపోర్టులు టైపు చేస్తూ కూర్చుంటే ఆరోగ్య రంగం ఏ విధంగా పురోగమిస్తుంది?"

ఎక్స్‌రే పెద్దాయన ఇకమీదట చేయనని మాటిచ్చాడు.

మర్నాటినుంచి రావిలంక కాలేజీ నడుం బిగించింది. కీబోర్డులన్నిటికీ ముఖమల్ గుడ్డ తొడుగులు కుట్టించారు. గోడౌన్లోంచి పాత టైపు మిషన్లు దింపి, దుమ్ము దులిపి, నూనె వేశారు. ఓపీ చీటీలు చేత్తో రాయడం మొదలైంది. డాక్టర్ల చేతిరాత సంగతి తెలిసిందే కాబట్టి, మందుల షాపులవాళ్ళు ఆ చీటీలు చదవడానికి విడిగా ఒక మనిషిని పెట్టుకున్నారు. పరీక్షల ఫలితాలు గోడమీద సుద్దముక్కతో రాశారు. ఒక వాన కురిసి కొందరు తప్పారు.

ర్యాంకు పైకి పాకింది. కానీ ఒక రోజు అనాటమీ విభాగంలో బల్లి ఒకటి సీలింగు మీంచి సరిగ్గా కీబోర్డు మీద పడి, అటూ ఇటూ తిరిగి వెళ్ళిపోయింది. కంప్యూటర్ కాసేపు వాడుకలో పడింది. కాలేజీ ర్యాంకు ఒక మెట్టు దిగింది. విశ్వేశ్వరం అనాటమీ వారిని సంజాయిషీ అడిగాడు. తలమీద పడితే ఏమిటో, భుజంమీద పడితే ఏమిటో బల్లిశాస్త్రంలో ఉంది గానీ, కీబోర్డు మీద పడితే ఏమవుతుందో రాసి లేదని అనాటమీ వారు విన్నవించుకున్నారు. ఫలితం మెమో అని ఆ రోజుతో తేలిపోయింది.

ఊళ్ళో కూడా ఇదే వరస. తహసీల్దారు ఆఫీసుకి ఆదాయం సర్టిఫికెట్ కోసం వెళ్ళినవాళ్ళతో గుమాస్తాలు మెత్తగా చెప్పేవారు. "మీ సర్టిఫికెట్ టైపు చేయడం మాకు పెద్ద పని కాదండి. కానీ ఆ కాసేపూ క్యాన్సర్ పరిశోధన ఆగిపోతుంది. ఆపమంటే ఆపుతాం. మీరే చెప్పండి." ఎవరు ఆపమంటారు? జనం సిగ్గుపడి, క్షమించమని, ఇంటికి వెళ్ళిపోయేవారు.

ఇంత త్యాగం జరుగుతుంటే లెక్క పంపడానికి ఇదే అదను అనుకుంది సౌదామిని. ఇంట్లో తన సొంత ల్యాప్‌టాప్ మీద లెక్కంతా సిద్ధం చేసి పెన్ డ్రైవ్‌లో వేసుకుంది. సొంత కంప్యూటర్ నుంచి పంపితే గ్రిడ్ పుచ్చుకోదు. కాలేజీ కంప్యూటర్ నుంచే పంపాలి. అనుమతి కోసం విశ్వేశ్వరం గదికి వెళ్ళింది.

"నా లెక్క సిద్ధంగా ఉందండి. గ్రిడ్‌కి పంపాలి."

"పంపడం అనగా?"

"ఒక కంప్యూటర్‌కి ఇది తగిలించి, ఎంటర్ నొక్కడం. అంతే."

"నొక్కడం," అన్నాడు విశ్వేశ్వరం. ఆ మాట ఆయనకి చేదుగా తగిలింది. "సరే. ఒక కంప్యూటర్ వాడుకలో పడుతుంది. మీ కోసం ఆ నష్టం భరిస్తామనుకుందాం. తదుపరి?"

"తర్వాత రాష్ట్రంలో ఉన్న కంప్యూటర్లన్నీ నా లెక్క చేస్తాయి."

"అన్నియునా?"

"అన్నీనండి."

"అనగా, ఏ ఒక్కటీ ఖాళీగా ఉండదు."

"ఉండదు. అందుకే కదండీ గ్రిడ్ పెట్టింది."

విశ్వేశ్వరం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. సౌదామిని మీద నిజంగానే జాలిపడ్డాడు. "మేడమ్, గ్రిడ్ ఉన్నది మీ కోసమే. మీవంటి పరిశోధకుల కోసమే. అందువల్లనే దానిని మీ బారిన పడకుండా కాపాడవలసిన గురుతర బాధ్యత మా మీద ఉన్నది."

సౌదామిని బయటికి వచ్చేసింది. బయట వరండాలో సత్తెమ్మ కట్టు మార్పించుకుని కూర్చుంది.

"ఏవమ్మా, లెక్క తేలిందా?"

"లేదు సత్తెమ్మా. కంప్యూటర్లు ఇవ్వటం లేదు."

"ఏం, ఖాళీ లేవా?"

"ఖాళీగానే ఉన్నాయి. ఖాళీగా ఉండాలనే ఇవ్వటం లేదు."

సత్తెమ్మకి ఆశ్చర్యం వేయలేదు. "మా ఊళ్ళో ఓ కామందు ట్రాక్టరు కూడా అంతేనమ్మా. కొన్నాడు గానీ బురదంటుద్దని పొలంలోకి దింపడు. ఆళ్ళావిడ రోజూ కడిగి బొట్టెడద్ది." మళ్ళీ తనే అంది. "కోతలొచ్చేత్తన్నాయమ్మా. ఆ పాములన్నీ కోసిన పనల కిందకి సేరతాయి. నాకంటే ఏలుతో పోయింది. ఈసారి మా సూరమ్మొదిన్ని కొడితే ఏవౌద్దో."

ఆ మాట సౌదామినికి రాత్రంతా ముల్లులా గుచ్చుకుంది. పొద్దున్నే లేచి రాజధాని బస్సెక్కింది, చైర్మన్ గారినే అడుగుదామని.

గ్రిడ్ ప్రధాన కార్యాలయంలో ఒక గోడంతా పరుచుకున్న తెర ఉంది. దానిమీద రాష్ట్రం పటం. ప్రతి ఆఫీసుకీ ఒక చుక్క. చుక్కలన్నీ ఆకుపచ్చగా కళకళలాడుతున్నాయి. చైర్మన్ వేదాద్రి గారు వాటిముందు నిలబడి, కొడుకు పెళ్ళి పందిరి చూసుకుంటున్నంత మురిపెంగా చూస్తున్నారు.

"ఆకుపచ్చ అంటే ఖాళీ. ఎరుపు అంటే ఎవరో పని చేస్తున్నారని," అని ఆమెకి వివరించారు. అంతలోనే ఎక్కడో మూల ఒక చుక్క ఎర్రబడింది. చైర్మన్ గారు చిటికె వేశారు. ఒక ఉద్యోగి ఫోన్ అందుకున్నాడు. "ఎవరది? జనన ధ్రువీకరణ పత్రమా? పుట్టినవాడు ఎక్కడికీ పోడు కదయ్యా, లే అక్కణ్ణుంచి." చుక్క ఆకుపచ్చగా మారింది. హాల్లో అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు.

"కిందిమూల పసుపురంగు కూడా చూపించారే. అదేమిటండి?" అని అడిగింది సౌదామిని.

"పసుపు అంటే కంప్యూటర్ పరిశోధన లెక్క చేస్తోందని. గ్రిడ్ కట్టిన ఇంజనీర్లు ఎందుకో పెట్టారు." చైర్మన్ గారు గొంతు తగ్గించి గర్వంగా చెప్పారు. "ఇంతవరకు ఒక్క చుక్క కూడా పసుపు కాలేదు. మచ్చ లేని జాలం మాది."

"నా దగ్గర లెక్క ఉందండి. పాము కాటుకి..."

"చాలా సంతోషం. మీవంటి వారి కోసమే ఇదంతా." ఆయన ఆమెకి ఒక మెమెంటో ఇచ్చి, టీ ఇప్పించి, లిఫ్టు దాకా సాగనంపారు. లెక్క మాట మళ్ళీ ఎత్తనివ్వలేదు.

బస్సులో తిరిగివస్తూ ఆ మెమెంటోని కిటికీలోంచి విసిరేద్దామనుకుంది గానీ, దారినపోయేవాడికి తగులుతుందేమోనని ఆగింది. దాని అట్టపెట్టెలో గ్రిడ్ నియమావళి పుస్తకం ఉంది. ఊసుపోక అది చదివింది. మొదటిసారి చిరాగ్గా చదివింది. రెండోసారి నెమ్మదిగా చదివింది. ఊరు వచ్చేసరికి ఆమె ముఖంలో నవ్వు చూసి కండక్టరు కూడా నవ్వాడు.

ఆ నెల రావిలంక కాలేజీకి రాష్ట్రంలోకెల్లా మొదటి ర్యాంకు వచ్చింది. ఆ నెలంతా కాలేజీలో ఒక్క మనిషి గానీ, ఒక్క బల్లి గానీ కీబోర్డు ముట్టుకోలేదు. 'ఖాళీ గంటల పురస్కారం' అందజేయడానికి చైర్మన్ గారు స్వయంగా వస్తున్నట్టు కబురొచ్చింది. అదే సభలో 'రెండవ దశ'ను ప్రారంభిస్తారట. మొదటి దశకీ రెండో దశకీ తేడా ఏమిటని ఎవరూ అడగలేదు. విశ్వేశ్వరం ఏర్పాట్లలో తలమునకలై ఉండగా, సౌదామిని వెళ్ళి వేదిక పనులు తను చూసుకుంటానంది.

ఆయన పొంగిపోయాడు. "పరిశోధన విషయమై సభ కాబట్టి పరిశోధకులు ఒకరైనా కనబడుట సముచితం."

షామియానా వేసే వీరభద్రం పెద్ద ఎర్రబటన్ ఒకటి పట్టుకొచ్చాడు. సౌదామిని దాన్ని తిప్పి చూసింది.

"వీరభద్రం గారూ, ఈ వైరు ఎక్కడికెళ్తుంది?"

"ఎక్కడికీ ఎళ్ళదండి. టేబులు కింద ఉండ సుట్టి పెట్టేత్తాం. అయ్యగారు నొక్కగానే నేను పక్కనుంచి సూసి తెరమీద బొమ్మేత్తానండి. ఈ జిల్లాలో ఎంతమంది సేత ఎన్ని బటన్లు నొక్కించానో. ఒక్కటీ దేనికీ తగల్లేదండి." కాస్త ఆలోచించి చేర్చాడు. "ఓసారి ఆయన నొక్కకముందే బొమ్మేసేశాను. ఎవరూ పట్టించుకోలేదండి."

"ఈసారి బటన్ వద్దు. కంప్యూటర్ సభ కదా, కీబోర్డే పెడదాం. అంతా బంతిపూలతో కప్పేసి, ఒక్క మీట కనబడేట్టు ఉంచితే చాలు."

"కొత్తగా ఉంటదండి," అని వీరభద్రం మెచ్చుకున్నాడు.

సభ నాడు పొద్దున్నే సౌదామిని వేదికమీది కంప్యూటర్ వెనకాల పెన్ డ్రైవ్ పెట్టింది. నియమావళిలో కీబోర్డు ముట్టుకోరాదని ఉంది గానీ, వెనకవైపు గురించి ఒక్క ముక్క లేదు. 'పంపమంటారా?' అని తెర అడుగుతోంది. ఎంటర్ మీద మాత్రం పూలు లేవు. ఇది బయటపడితే ఉద్యోగం పోవచ్చు. ఇది చేయకపోతే కోతలు వచ్చేస్తాయి. సూరమ్మ ఎవరో ఆమె ఎప్పుడూ చూడలేదు. అయినా ఆ పూట ఆమె ఆలోచన అంతా సూరమ్మ మీదే ఉంది.

చైర్మన్ గారు దివ్యంగా మాట్లాడారు. "ఖాళీ అనేది ఒక జాతీయ వనరు. మన పూర్వులు ఖాళీగా కూర్చుని సున్నాను కనుగొన్నారు. పని చేస్తూ కూర్చుంటే కనుగొని ఉండేవారా? రావిలంక కళాశాల నేడు దేశానికే ఆ దారి చూపుతోంది." చప్పట్లు మోగాయి. పురస్కారం షీల్డు అందుకుంటూ విశ్వేశ్వరం కళ్ళు తడిచేసుకున్నాడు. ఇక మీట నొక్కే ఘట్టం వచ్చింది.

"ఎక్కడ నొక్కాలమ్మా?" అని చైర్మన్ గారు అడిగారు.

"ఇక్కడండి. పూలు లేనిచోట."

ఆయన నొక్కారు. ఫొటోగ్రాఫర్లు ఇంకొక్కసారి సార్ అంటే ఇంకోసారి నొక్కారు. ఇటు తిరిగి సార్ అంటే ఇటు తిరిగి మళ్ళీ నొక్కారు. ఫొటోగ్రాఫర్ల సంగతి సౌదామినికి తెలుసు కాబట్టి, ఎన్నిసార్లు నొక్కినా లెక్క ఒక్కసారే వెళ్ళేట్టు ముందే జాగ్రత్తపడింది.

వెనక తెరమీద రాష్ట్రం పటం పచ్చగా ఉంది. ముందు రావిలంక చుక్క పసుపు అయింది. తర్వాత దాని పక్కది. ఆ పక్కది. చూస్తుండగానే కొండల్నుంచి సముద్రం దాకా రాష్ట్రమంతా పసుపు పరుచుకుంది.

వ్యాఖ్యాత మైకు దగ్గరికి జరిగి, "పసుపు శుభప్రదం. ఎంత గొప్ప సంకేతమో గమనించండి," అన్నాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వీరభద్రం మాత్రం తనింకా ఏ బొమ్మా వేయలేదని బిత్తరపోయి చూస్తున్నాడు.

చప్పట్లు ఆగేలోపే చైర్మన్ గారి జేబులో ఫోన్ మోగింది. అవతల ట్రెజరీ అధికారి. మైకు పక్కనే ఉండటంతో ఆయన గొంతు సభకంతటికీ వినబడింది. "సార్, మా కంప్యూటర్లు పని చేస్తున్నాయి సార్. మేమెవరం ముట్టుకోలేదు. దేవుడి మీద ఒట్టు."

ఆ తర్వాత ఫోన్లు ఆగలేదు. రాష్ట్రమంతా కంప్యూటర్లు బుసకొడుతూ పని చేస్తున్నాయి. చైర్మన్ గారి ముఖం పాలిపోయింది. విశ్వేశ్వరాన్ని దగ్గరికి పిలిచి, "ఆపించేయండి వెంటనే," అన్నారు.

విశ్వేశ్వరానికి నియమావళి కంఠతా వచ్చు. "ఆపివేసిన ఎడల ఖాళీ గంటలు నష్టపోవును కాబట్టి, ఏ కంప్యూటరునూ ఆపరాదని ఉన్నదండి."

"అయితే కీబోర్డు నొక్కి రద్దు చేయమనండి."

"నొక్కినచో వాడుక అగును."

"మరి ఏం చేయాలయ్యా?"

"నియమావళి ప్రకారం ఏమియు చేయరాదండి."

కాబట్టి రాష్ట్రంలో ఎవరూ ఏమీ చేయలేదు. అందులో అందరికీ కొన్ని నెలల అభ్యాసం ఉంది కాబట్టి ఎక్కడా పొరపాటు జరగలేదు. ఆ పగలూ ఆ రాత్రీ కంప్యూటర్లు వాటి మానాన అవి పని చేసుకున్నాయి. ఒక పశువుల ఆసుపత్రిలో ఆ వెచ్చదనానికి కోడిపెట్ట ఒకటి వచ్చి కంప్యూటర్ పక్కన పొదగడానికి కూర్చుంది.

మర్నాడు సాయంత్రం సౌదామిని ఇంట్లో ల్యాప్‌టాప్ తెరిచేసరికి గ్రిడ్ నుంచి మెయిల్ వచ్చింది, లెక్క తేలి ఉంది. విషంలో ఏ రెండు భాగాలు మందుకి చిక్కకుండా జారిపోతున్నాయో స్పష్టంగా ఉంది. ఆమె ఆనందంతో ఏడ్చింది. తర్వాత ముఖం కడుక్కుని మందు తయారుచేసేవాళ్ళకి ఫోన్ చేసింది. కోతలు ఇంకా మొదలు కాలేదు.

ఫ్రీజర్ తీసుకుపోదామని ట్రాలీతో వచ్చిన క్యాంటీన్ వాళ్ళని గుమ్మంలోంచే వెనక్కి పంపేసింది. వాళ్ళు అప్పటికే ఐస్‌క్రీములకి ఆర్డరిచ్చారట. వాటిని కరగనివ్వడం ఎందుకని ఆ పూట వార్డులో అందరికీ పంచారు.

విచారణకి ముగ్గురు సభ్యుల సంఘం దిగింది. రాష్ట్రం మొత్తం ఖాళీ గంటలు ఒక్క రోజులో ఊడ్చిపెట్టుకుపోయాయి, దోషి ఎవరో తేలాలి. సౌదామినిని పిలిచి నిలబెట్టారు. ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది.

"అంటే, మీట నొక్కినదెవరు?" అన్నాడు సంఘం పెద్ద.

"చైర్మన్ గారండి. ఫొటోలు కూడా ఉన్నాయి. చాలా ఉన్నాయి."

సంఘం ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చైర్మన్ గారికి మెమో ఇవ్వడం కుదరదు. ఆయన స్పర్శ వాడుక కాదని ఆయన సంతకంతోనే ఉత్తర్వు ఉంది. వాడుక కానప్పుడు పని జరిగినట్టు కాదు. పని జరగనప్పుడు ఫలితం ఎలా వచ్చింది? మూడు పూటలు బిర్యానీ తిని ఆలోచించాక నివేదిక వెలువడింది. కంప్యూటర్లను సుదీర్ఘకాలం భక్తిశ్రద్ధలతో ఖాళీగా ఉంచినందువల్ల ఫలితం దానంతట అదే ఉద్భవించినదనీ, ఇది ఖాళీ గంటల విధానానికి లభించిన చారిత్రక విజయమనీ అందులో ఉంది. చైర్మన్ గారు ఆ నివేదికను ఎంతో వినయంగా స్వీకరించారు.

దాని వెనకే కొత్త ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట పరిశోధన లెక్కలను ప్రారంభోత్సవం ద్వారా మాత్రమే పంపాలి. దాంతో రాష్ట్రంలో కంప్యూటర్ల కొరత తీరి ప్రముఖుల కొరత మొదలైంది. పరిశోధకులు లెక్కలు చంకన పెట్టుకుని పెద్దమనుషుల ఇళ్ళచుట్టూ తిరిగారు. ఒక కంటి డాక్టరు తన లెక్కకోసం ఒక కార్పొరేషన్ చైర్మన్‌ని ఒప్పించుకుంటే, తీరా ఆ రోజుకి ఆయనకి జలుబు చేసింది.

అప్పుడు సౌదామిని తనే ఒక ప్రతిపాదన రాసి విశ్వేశ్వరం చేత ఆయన భాషలోకి మార్పించి పైకి పంపింది. 'సదరు వ్యాధి విషయమున విశేషానుభవము గల వ్యక్తిని స్థానికముగా ప్రముఖునిగా గుర్తించవచ్చును.' అంత చక్కటి భాషలో ఉన్నదాన్ని కాదనడానికి పైవాళ్ళకి మనసొప్పలేదు.

కోతలకి ఇంకా పాతమందే గతి అయింది. జనం పనలు ఎత్తేముందు కర్రతో కదిపి చూసుకుంటూ ఆ కోతలు గట్టెక్కారు. మళ్ళీ నాట్లు వచ్చేసరికి ఆసుపత్రికి కొత్తమందు వచ్చింది. ఆ నాట్లలో సూరమ్మని రక్తపింజరి కొట్టనే కొట్టింది. ఆటోలో వేసుకొచ్చారు. మందు పట్టింది. వారం తిరక్కుండా సూరమ్మ లేచి కూర్చుని, వార్డులో పెట్టే సాంబారులో ఉప్పు లేదని తగువేసుకుంది.

ఆమెను డిశ్చార్జి చేసిన రోజే సౌదామిని రెండో లెక్క పంపాల్సి వచ్చింది. ఈసారి కట్లపాము. ఫార్మకాలజీ విభాగంలో చిన్న బల్ల, దానిమీద బంతిపూల కీబోర్డు, కొబ్బరికాయ. విశ్వేశ్వరం ఇస్త్రీ చొక్కాలో మైకు లేకపోయినా మైకు గొంతుతో ప్రకటించాడు. "నేటి ముఖ్య అతిథి, సర్పదష్ట విషయమున విశేషానుభవము గల శ్రీమతి సత్తెమ్మ గారిని వేదిక నలంకరించవలసినదిగా కోరుచున్నాము."

సత్తెమ్మ భుజం మీద శాలువా సర్దుకుని వచ్చి బల్లముందు నిలబడింది. పూలన్నీ ఒకసారి పరకాయించి చూసింది.

"ఏది నొక్కాలమ్మా?"

"పూలు లేని మీట సత్తెమ్మా."

సత్తెమ్మ మిగిలిన సగం చూపుడువేలితో నొక్కింది. కంప్యూటర్ బుసకొట్టి పని మొదలుపెట్టింది. ఆమె వేలు తీసి, ఇంకేమన్నా ఉందేమోనని కాసేపు ఎదురుచూసింది.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"ఇంతేనా? ఈపాటి నొక్కుడికి అన్నాళ్ళు ఎందుకాగారమ్మా?"

సౌదామిని విశ్వేశ్వరం వైపు చూసింది. విశ్వేశ్వరం నియమావళి అంతా మనసులో తిరగేశాడు. ఎందులోనూ దీనికి జవాబు దొరక్కపోవడంతో చప్పట్లు కొట్టాడు. గుమ్మం దగ్గర ఇంటికి వెళ్ళడానికి మూట కట్టుకుని నిలబడ్డ సూరమ్మ కూడా మూట కిందపెట్టి, పది వేళ్ళతో గట్టిగా చప్పట్లు కొట్టింది.